క్షమించడమంటే పద్దు కొట్టేయడమే!

ప్రభువు నేర్పిన ప్రార్థన నోటికి వచ్చినంత బాగా మనకు ఇంకేదీ రాదు. ఆదివారం గుడిలో చెప్తాం, రాత్రి కుటుంబ ప్రార్థన చివర్లో చెప్తాం. మూడేళ్ల పిల్ల కూడా కళ్లు గట్టిగా మూసుకుని గడగడా అప్పజెప్పేస్తుంది. అంత బాగా వచ్చు కాబట్టే అందులో ఏముందో పట్టించుకోం! క్షమాపణ అడిగే చోట మన తెలుగు బైబిల్లో, మత్తయి సువార్తలో వాడిన మాట ‘ఋణములు’. కతోలిక అక్కచెల్లెళ్ల ప్రార్థనలో ఇంకా సూటిగా ‘అప్పులు’ అనే ఉంటుంది. పాపమనో తప్పనో కాదు, అప్పు! మనకు బాకీపడ్డవాళ్ల అప్పు మనం కొట్టేస్తేనే, మన అప్పు కొట్టేయమని దేవుణ్ణి అడిగే మొహం మనకుంటుందని దాని భావం.

గార్లదిన్నె వైపు ఉండేవాళ్లకు అప్పు గురించి వేరే చెప్పాలా? అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. పెనకచెర్ల డ్యాం మా మండలంలోనే ఉంది గానీ, మెట్ట పొలాల వాళ్లకు మొగులు చూడటమే పని. చెనిక్కాయ విత్తనానికి అప్పు, ఎరువుకు అప్పు, బోరు వేయిస్తే అప్పు, ఆ బోరు ఎండిపోతే ఇంకో బోరుకు ఇంకో అప్పు. షావుకారు పుస్తకంలో మన పేరు పక్కనున్న అంకె ఎంత బరువో ఆడవాళ్లకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది? చెవి కమ్మలు కుదువకు వెళ్లేది మనవే కదా. అందుకే క్షమాపణ గురించి కూడా మనకు తెలిసిన ఈ లెక్కలోనే మాట్లాడుకుందాం.

వంద రోజుల కూలి చిన్నదా?

పేతురు యేసుప్రభువును ఒక ప్రశ్న అడిగాడు. సోదరుడు తప్పు చేస్తే ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు సరిపోతుందా అని. ఏడంటే తాను చాలా పెద్దమనసు చూపించినట్టే అనుకున్నాడు పాపం! ఏడు కాదు, డెబ్బై ఏడుల దాకా అని జవాబు వచ్చింది. అంటే 490. లెక్కపెట్టి 491వసారి జుట్టు పట్టుకోమని కాదు, లెక్కే మానేయమని. ఆ వెంటనే ఒక కథ చెప్పాడు. రాజుకు ఒక సేవకుడు పదివేల తలాంతులు బాకీ. రాజు జాలిపడి మొత్తం కొట్టేశాడు. ఆ సేవకుడు బయటికి రాగానే, తనకు వంద దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు.

దేనారం అంటే ఆ రోజుల్లో ఒక మనిషి రోజు కూలి. తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. ఆ లెక్కన పదివేల తలాంతులు అంటే 6 కోట్ల రోజుల కూలి. ఒక్క రోజు కూడా మానకుండా పనిచేసినా 1,64,000 ఏళ్లు పడుతుంది! తీర్చే అప్పేనా అది?

ఇంతవరకూ ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. రెండో బాకీ దగ్గరికి వచ్చేసరికి, అదెంత, వంద దేనారాలు, చిల్లర డబ్బులు అని తేలిగ్గా దాటిపోతారు. నాకు మాత్రం అక్కడే అభ్యంతరం. వంద రోజుల కూలి చిల్లర ఎలా అవుతుంది? 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. అప్పుడు ఒక కుటుంబానికి ఏడాది మొత్తానికి సర్కారు హామీ ఇచ్చింది సరిగ్గా వంద రోజుల పని. ఆ వంద రోజుల కూలితో ఎన్ని ఇళ్లల్లో పొయ్యి వెలిగిందో మనకు తెలుసు. కాబట్టి ఆ రెండోవాడి బాకీ నిజమైన బాకీయే. ఇది గుర్తుపెట్టుకోవాలి. మనకు తగిలిన దెబ్బ దెబ్బే కాదని యేసుప్రభువు అనలేదు. వంద రోజుల కూలి పోయిందని ఒప్పుకున్నాడు. ఒప్పుకునే, వదిలేయమన్నాడు.

అందుకే ఎవరైనా ఏడుస్తూ వచ్చి బాధ చెప్పుకుంటే "ఇంత చిన్నదానికా, మర్చిపో" అనడం నాకు నచ్చదు. చిన్నదో పెద్దదో పోగొట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది.

మన పుస్తకంలో పద్దులు

మగవాళ్లు పొలం గట్టు దగ్గరో, చావిట్లోనో గట్టిగా అరుచుకుని సాయంత్రానికి కలిసి టీ తాగుతారు. (అందరూ కాదులెండి, గట్టు తగాదాకు ఇరవై ఏళ్లు కోర్టుకు తిరిగినవాళ్లూ ఉన్నారు!) మన పద్దులు వేరు. పురిటికి పుట్టింటికి వెళ్తే వదిన ముఖం ముడుచుకోవడం. మరిది పెళ్లిలో అందరికీ పట్టుచీర పెట్టి మనకు నూలుచీర పెట్టడం. కుళాయి దగ్గర బిందె పక్కకు నెట్టి అన్న మాట. పిల్ల నల్లగా పుట్టిందని ఆడపడుచు నలుగురిలో నవ్విన నవ్వు. చీటీ పాడుకుని, తర్వాత కంతులు కట్టకుండా తిప్పించుకున్న పక్కింటావిడ. తారీఖు, అప్పుడు కట్టుకున్న చీర రంగుతో సహా గుర్తుంటాయి. షావుకారు పుస్తకానికైనా చెదలు పడుతుందేమో గానీ, ఈ పుస్తకానికి పట్టదు.

పైగా మనం విశ్వాసులం కదా! గుడి మెట్ల దగ్గర ఎదురైతే "వందనాలమ్మా" అని చేతులు జోడిస్తాం, చూపు మాత్రం పక్కన ఉన్న చెప్పుల మీద ఉంటుంది. పాదిరిగారి ప్రసంగం క్షమాపణ మీద అయితే, ఆ మాట వినాల్సింది మనం కాదు, మూడో వరసలో కూర్చున్న ఆవిడ అనుకుంటాం.

ఇంకో విచిత్రం గమనించారా? ‘క్షమించు’ అనే మాట బైబిల్లో ఉంది, సినిమాల్లో ఉంది, ఇంట్లో మాత్రం ఎవరూ అనరు. ఏ కోడలైనా అత్తతో "నన్ను క్షమించండి అత్తమ్మా" అన్నదా? అంటే ఆవిడ భయపడి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తుంది! మనం అనేది "తప్పయిపాయ అత్తా, మనసులో పెట్టుకోవద్దు" అని. అవతలివాళ్లు అనేది "పోనీలే" అని. పోనీ! పోనివ్వు, వదిలెయ్యి అని. ఎంత మంచి మాట! చేతిలో పట్టుకున్నదాన్ని వదలడం అందులోనే ఉంది. కాకపోతే పళ్లు బిగబట్టి అనే "పోనీలే" కూడా ఒకటుంది. దాని సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు.

లెమెకు పెళ్లాలు

డెబ్బై ఏడు అనే అంకె బైబిల్లో ఇంకోచోట వస్తుంది. ఆదికాండం నాలుగో అధ్యాయంలో లెమెకు అనేవాడు తనను గాయపరిచినవాణ్ణి చంపానని, తన పగ డెబ్బై ఏడంతలని గొప్పగా చెప్పుకుంటాడు. ఎవరి దగ్గరనుకున్నారు? ఇంట్లో ఇద్దరు పెళ్లాల దగ్గర! ఆదా, సిల్లా అని వాళ్ల పేర్లు. వాళ్లు ఏమన్నారో బైబిల్లో లేదు. రాయలసీమ ఆడవాళ్లకు ఆ మౌనం అర్థమవుతుంది. మన సీమలో ఊళ్ల కక్షలు తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలాగా వచ్చాయి. నరికినవాడు జైలుకు, నరకబడినవాడు శ్మశానానికి. రెండు ఇళ్లల్లోనూ పొయ్యి ముందు మిగిలింది ఆడమనిషే. యేసుప్రభువు పేతురుకు చెప్పిన లెక్క లెమెకు లెక్కకు తిరగరాత అని పండితులు చెప్తారు. పగకు వాడు ఏ అంకె వాడాడో, క్షమకు ప్రభువు అలాంటి అంకె వాడాడు.

కొడుకును పోగొట్టుకున్న తల్లి చిన్న మనవడికి ఏ కథ చెప్పి పెంచుతుంది అన్నది చిన్న విషయం కాదు. "మీ నాయనను ఎవరు చంపినారో తెలుసునా?" అని రోజూ అన్నం ముద్దతో పాటు తినిపిస్తే ఆ పిల్లవాడికి ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఏమవుతుంది?

బారిపదలో ఒక తల్లి

ఇంత పెద్ద బాకీని నిజంగా ఎవరైనా కొట్టేయగలరా అంటే, మన దేశంలోనే ఒక ఆవిడ ఉంది. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒరిస్సా కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రపోతున్న గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ ఒక గుంపు తగలబెట్టింది. ఆయన ఆస్ట్రేలియా నుంచి 1965లో వచ్చి, బారిపదలో కుష్ఠురోగుల సేవలో ఉన్నారు. భార్య గ్లాడిస్‌కు కూతురు ఒక్కతే మిగిలింది. చంపినవాళ్ల మీద తనకు పగ లేదని, వాళ్లను క్షమించానని ఆవిడ కొద్ది రోజుల్లోనే చెప్పింది. చెప్పి విమానం ఎక్కి వెళ్లిపోలేదు. 2004 దాకా ఆ ఊళ్లోనే, ఆ రోగుల మధ్యే ఉంది. భారత ప్రభుత్వం 2005లో పద్మశ్రీ ఇచ్చింది.

ఇందులో చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. ఆవిడ క్షమించింది, కానీ కేసు ఆగలేదు. 2003లో కింది కోర్టు ముఖ్య నిందితుడికి ఉరిశిక్ష వేసింది. 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఆ యావజ్జీవాన్నే ఖాయం చేసింది. క్షమించడం వేరు, చట్టం తన పని చేయడం వేరు అని గ్లాడిస్ కూడా స్పష్టంగానే చెప్పింది. తన మనసులోని పద్దు ఆవిడ కొట్టేసింది. దేశం పుస్తకంలోని పద్దు దేశం చూసుకుంది.

ఓర్చుకోమనే పెద్దలకు

ఈ తేడా మన ఇళ్లల్లో తెలియకే ఎంత అన్యాయం జరుగుతోందో! తాగివచ్చి కొట్టే మొగుడి గురించి చెప్పుకోవడానికి వస్తే, "క్షమించమ్మా, ప్రార్థన చెయ్యి, ఓర్చుకో" అని పంపేసే పెద్దలు మన సంఘాల్లో లేరా? ప్రార్థన చేయాల్సిందే. కానీ నిన్నటి దెబ్బను క్షమించడానికీ, రేపటి దెబ్బకు వీపు చూపించడానికీ పొంతన ఏమిటి? బాకీ కొట్టేసిన షావుకారు మళ్లీ అదే మనిషికి అప్పు ఇచ్చి తీరాలని కథలో లేదు కదా.

గృహహింస చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడమే కాదు, బూతులు తిట్టడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకుండా ఏడిపించడం కూడా అందులో హింస కిందికే వస్తాయి. కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు, ఇల్లు మొగుడి పేరు మీదే ఉన్నా, ఆవిడకు ఉంది. 181 నంబరుకు ఫోను చేయొచ్చు. ఫోను చేతిలో లేకపోతే అంగన్‌వాడీ టీచరును అడిగినా దారి చెప్తుంది. అలా వెళ్లినావిడను "క్షమించలేనిది" అని గుడిలో గుసగుసలాడకుండా ఉంటే అదే పెద్ద దయ.

యోసేపు అన్నలు పదిహేడేళ్లు భయపడ్డారు

క్షమించడం ఒక్క రోజులో అయ్యే పని అనుకునేవాళ్లు యోసేపు కథ మళ్లీ చదవండి. పదిహేడేళ్ల కుర్రాణ్ణి అన్నలు గుంటలో పడేసి అమ్మేశారు. ఇరవై ఏళ్లు దాటాక కరువు వచ్చి, అదే అన్నలు గింజల కోసం వచ్చి అతని ముందే సాగిలపడ్డారు. కరువు ఎంత పని చేస్తుందో చూడండి! మాటల్లేని అన్నదమ్ములను కూడా ఒకరి గడపకు ఒకరిని తెస్తుంది. మన వైపు బెంగుళూరుకు వలస పోయే ముందు ముసలి తల్లినీ, పిల్లలనూ ఎవరి ఇంట్లో వదలాలో తెలియక, పదేళ్లుగా మాట్లాడని తమ్ముడి ఇంటి తలుపు తట్టినవాళ్లు లేరా?

యోసేపు వెంటనే వాటేసుకోలేదు. కఠినంగా మాట్లాడాడు, ఒకణ్ణి బంధించాడు, చిన్నవాడి సంచిలో గిన్నె దాచి పరీక్ష పెట్టాడు. మధ్యమధ్య లోపలికి వెళ్లి ఏడ్చాడు. ఆ తర్వాతే నేను యోసేపును అన్నాడు. కాబట్టి మనకు నెల పట్టినా, ఏడాది పట్టినా కుంగిపోనక్కర్లేదు.

ఇంతకన్నా నన్ను ఆలోచనలో పడేసేది ఆ తర్వాత జరిగింది. తండ్రి యాకోబు ఐగుప్తులో పదిహేడేళ్లు బతికి చనిపోయాడు. చనిపోగానే అన్నలు, ఇక యోసేపు పగ తీర్చుకుంటాడని వణికిపోయారు. అంటే పదిహేడేళ్లు అతను పెట్టిన అన్నం తింటూ కూడా నమ్మలేదన్నమాట! ఆ మాట విని యోసేపు ఏడ్చాడు. మనం క్షమించినా అవతలివాళ్లకు ధైర్యం చాలదు. అప్పు తీరిందని నోటితో చెప్తే చాలదు, నోటు చించి చేతిలో పెట్టాలి. ఆ చించిన నోటు మాటల్లో ఉండదు, చేతల్లో ఉంటుంది. దయ అవసరమయ్యేది అక్కడే.

చెయ్యి చెయ్యి పట్టుకుని

సి.ఎస్.ఐ. గుళ్లలో ప్రభు భోజనానికి ముందు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ‘సమాధానం’ ఇచ్చుకుంటాం. పాదిరిగారి దగ్గర మొదలై వరసలకు వస్తుంది. కుడి అరచెయ్యి అవతలివాళ్ల కుడి అరచేతిలో పెట్టి, ఎడమచేతితో మూసి పట్టుకోవడం పద్ధతి. కేరళ సిరియను క్రైస్తవుల ఆచారం చూసి, 1950లో తయారైన ఆరాధన క్రమంలో దీన్ని చేర్చారు. ఆ సంఘమే ఒక సమాధానం. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, గుత్తి, కడప ప్రాంతాల్లో లండన్ మిషను పెంచిన సంఘాల్లాంటివి, వేరువేరు బల్లల దగ్గర కూర్చునేవాళ్లు. 1919లో తరంగంబాడిలో మాటలు మొదలుపెడితే, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఒకటయ్యారు. 28 ఏళ్లు! దానికోసం పాటుపడిన దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు, ఆ రోజు చూడనే లేదు.

బడిలో సమాధానం అంటే జవాబు. గుడిలో సమాధానం అంటే శాంతి. జగడమైనవాళ్లు ‘సమాధానపడ్డారు’ అంటాం. మన తెలుగులో మూడూ ఒకటే మాట. ఆ చెయ్యి పట్టుకునే సమయానికి మనకు పడనావిడ పక్కనే ఉండకుండా ముందే చోటు చూసుకుని కూర్చుంటాం, అది వేరే సంగతి! బలిపీఠం దగ్గర కానుక పెట్టేముందు వెళ్లి సోదరుడితో సమాధానపడి రమ్మని ప్రభువు చెప్పింది గుడిలో చెయ్యి కలపమని కాదు, లేచి వాళ్ల ఇంటికి వెళ్లమని. చాలా పల్లెల్లో బల్ల ఆరాధన నెలకోసారే. మిగిలిన రోజులన్నీ దానికోసమే ఉన్నాయి.

గుప్పెడు పిండి

మన జిల్లాలో దయ అంటే చాలామందికి ఫాదర్ ఫెర్రర్ గుర్తొస్తారు. స్పెయిన్ దేశస్థుడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల కోసం పనిచేస్తుంటే గిట్టనివాళ్ల వల్ల 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. వెళ్లాడు. పొమ్మన్నారు కదా అని అలిగి ఉండిపోలేదు. తిరిగివచ్చి 1969లో అనంతపురంలో అడుగుపెట్టి, 2009 జూన్ 19న ఇక్కడే కన్నుమూశారు. ఆయన మతగురువు పదవి వదిలి పెళ్లి చేసుకున్నారు, ఆయన పెట్టిన ఆర్.డి.టి. మతసంస్థ కూడా కాదు. అయినా ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా బత్తలపల్లిలోని ఆ ఆసుపత్రిలో, ఇంట్లోవాళ్లే ముట్టుకోవడానికి జంకిన హెచ్.ఐ.వి. రోగులకు వైద్యం చేశారు. అంత పెద్ద దయ మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది సారెపతు విధవరాలి చేతిలో ఉన్నంతే. ఆ కరువులో ఆవిడ తొట్టిలో గుప్పెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. అందులోంచే ముందు ఏలీయాకు రొట్టె చేసి పెట్టింది.

మాట కలపడానికి నోరు రాకపోతే గిన్నెను పంపండి. క్రిస్మసుకు కజ్జికాయలో, నిప్పట్లో చేసినప్పుడు ఊరందరికీ పంచుతాం కదా, హిందువుల ఇళ్లకూ, ముస్లింల ఇళ్లకూ. మాట్లాడని ఇంటి గడప మాత్రం దాటేస్తాం. ఈసారి అక్కడికే ముందు పంపండి, పండగ దాకా ఆగాల్సిన పని కూడా లేదు. జొన్నరొట్టెకు పుంటికూర పప్పు చేసిన రోజైనా చాలు. పెద్దవాళ్లు తీసుకెళ్తే ముఖాలు బిగుసుకుంటాయి, పిల్లవాడి చేత పంపండి. "మా యమ్మ ఇచ్చి రమ్మనె పిన్నమ్మా" అని వాడు చెప్పేస్తాడు, ఇంకేం చెప్పక్కర్లేదు. పాత జగడం గురించి ఒక్క ముక్క కూడా వాడి చెవిన వేయకండి. గిన్నె మాత్రం మంచిదే పంపండి, సొట్టది కాదు.

మన పల్లెల్లో గిన్నె ఖాళీగా తిరిగి రాదు. కడిగి, అందులో నాలుగు చెనిక్కాయలో, బెల్లం ముక్కో వేసి పంపుతారు. రెండు వారాలైనా రాకపోతే అడగొద్దు. ఇంట్లో ఇంకో గిన్నె ఉంటుంది కదా!